తమలపాకుల గంపలో నాచు

ఆదిలాబాద్ పోయొచ్చానని చెబితే అందరూ అడిగేది ఒక్కటే, కుంతాల జలపాతం చూశావా అని. చూడలేదు. అడవిలో పులి కనిపించిందా అని అడుగుతారు. పులి కాదు కదా, కోతిని కూడా సరిగా చూడలేదు. నాలుగు రోజులు బస్సులు, రైలు, ట్రాలీ ఆటో మారి నేను చూసొచ్చింది రెండు చాపలంత కూడా లేని ఒక తడి నేల ముక్క. దాని మీద నాచు. అంతే. కానీ ఆ ముక్కను చూసిన క్షణంలో నేను అరిచిన అరుపుకు మా వదిన ఒక చెప్పు బురదలో వదిలేసి వెనక్కి ఉరికింది. పాము అనుకుందట.

నాచు కోసం ఎవరైనా అంత దూరం పోతారా అని మీరు అనుకుంటారు. మా ఇంట్లోవాళ్లు అదే అన్నారు. కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

కరీంనగర్ కూరగాయల మార్కెట్

నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతాను. నాకున్న పిచ్చి నాచులు. గోడల మీద, మోరీల పక్కన, కాలువ గట్టు రాళ్ల మీద ఎక్కడ పచ్చగా కనబడినా ఆగిపోతాను. ఇట్లాంటి పిచ్చివాళ్లం పది పన్నెండు మందిమి ఉన్నాం. మాకో పెద్దదిక్కు, రిటైరైన బాటనీ ప్రొఫెసరు. మేమంతా ఆయన్ను సారు అనే పిలుస్తాం. మేము పంపిన నాచు పొట్లాలన్నీ చూసి, తెలంగాణలో ఎక్కడ ఏ నాచు ఉందో ఒక జాబితా తయారు చేస్తున్నారాయన.

ఆ జాబితా దగ్గర నాకొక గాయం ఉంది. రెండేళ్ల కింద చొప్పదండి దగ్గర ఒక కల్వర్టు కింద లేతాకుపచ్చ నాచు చూసి, స్ఫాగ్నమ్ దొరికింది, స్ఫాగ్నమ్ దొరికింది అని గ్రూపులో ఫొటోలు పెట్టి ఊరంతా టాంటాం చేశాను. స్ఫాగ్నమ్ అంటే చల్లని కొండల్లో, ఎప్పుడూ నీరు ఊరే బురదనేలల్లో పెరిగే నాచు. మా దిక్కు ఉందని మా జాబితాలో ఎవరూ రాయలేదు. నేను మైక్రోస్కోప్ కింద పెట్టి చూడకుండానే, రంగు చూసి, పేరు పెట్టేశాను. సారు పొట్లం విప్పి చూసి, అందరూ చదివే గ్రూపులోనే ఒక్క లైను రాశారు: “ఇది స్ఫాగ్నమ్ కాదు. కొట్టేసిన.” ఆ తర్వాత నేనేం పంపినా ఆయన రెండుసార్లు చూస్తున్నారని నాకు తెలుసు. తప్పు నాదే గనుక ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను.

అట్లాంటిదాన్ని మొన్న నవంబరులో మార్కెట్లో తమలపాకులు కొంటూ గంపలోకి చూశాను. ఆకుల కింద తడి గుడ్డకు బదులు నాచు పరిచి ఉంది. లేతపచ్చగా, మెత్తగా, ఒక్కో కొమ్మ చివర చిన్న నక్షత్రం. నా చేతిలో చిల్లర కింద పడిపోయింది.

“గిది ఎక్కడిదమ్మా?” అని అడిగాను.

“మా అక్క ఇచ్చింది మేడం. గిది పరిస్తే ఆకు వారం దాక పండుబారదు. మా అక్కది ఆసిఫాబాద్ అవతల కొండల మీద. అంగట్ల ఆకులమ్ముతది.”

“ఏడ పెరుగుతది?”

“ఊటల పెరుగుతది. నాచు ఇంకేడ పెరుగుతది?” అంది, ఇంత చదివిన మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూస్తూ.

పిడికెడు అడుక్కుని కాలేజీకి పరుగెత్తాను. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఒక ఆకును గీకి అద్దం మీద పెట్టి చూశాను. సన్నని పచ్చని కణాలు వల అల్లినట్టు, ఆ వల మధ్య పెద్ద పెద్ద ఖాళీ గదులు, గదుల గోడలకు చుట్టలు చుట్టిన దారాలు. ఆ ఖాళీ గదులు నీళ్లు దాచుకోవడానికి. ఇంకే నాచుకూ ఇట్లా ఉండదు. మూడు ఆకులు చూశాను, లాబ్ అటెండర్‌ను పిలిచి చూపించాను, ఆయన “మంచిగున్నది మేడం” అని పోయాడు. అప్పుడు సారుకు ఫోన్ చేశాను.

ఆయన అన్నారు: “గంపల దొరికిన నాచుకు ఊరు లేదు సుజాతా. అది పెరిగే కాడికి పో. నీ చేతితోని తీసి, లేబుల్ రాసి పంపు. జాబితా ఈ డిసెంబర్ ఆఖరుకు ప్రెస్సుకు పోతది. నీ కోసం ఒక లైను ఖాళీ పెడుత.”

ఆ ఖాళీ లైను నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఇంటికి తెచ్చిన నాచుకు ప్రేమగా రోజూ బోరు నీళ్లు పోశాను. పది రోజుల్లో గోధుమరంగుకు తిరిగి చచ్చిపోయింది. ఇక పోక తప్పలేదు.

వేములవాడ, దారి కాని దారి

ఒక్కదాన్నే పోతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. సిరిసిల్ల నుంచి మా పద్మ వదిన వస్తానంది, కానీ ఒక షరతు. ముందు వేములవాడలో కోడె మొక్కు తీర్చుకోవాలి. మా అన్న మరమగ్గాల మీద పని చేస్తాడు. మొన్నటి వానల్లో మూడు నెలలు పని లేక, మగ్గం మళ్లీ నడిస్తే రాజన్నకు కోడెను కట్టేస్తానని ఆమె మొక్కుకుంది. ఉత్తరానికి పోవాల్సినదాన్ని అట్లా పడమటికి పోయాను.

గుడి చుట్టూ కోడెను తిప్పుతుంటే అది మా వదిన కొంగు నమలడం మొదలుపెట్టింది. సొంత మగ్గం మీద నేసిన చీర కాదు గనుక బతికిపోయింది. బయట చెట్టు కింద కూర్చుని వదిన తెచ్చిన సర్వపిండి తిన్నాం. అప్పుడు ఆమె సంచిలోంచి ఒక మడత అద్దం తీసి చూపించింది. రూపాయి బిళ్లంత ఇత్తడి చట్రం, లోపల చిన్న భూతద్దం. బట్టలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే అద్దం అది. పెళ్లికి ముందు వదిన ఒక సేటు దగ్గర బట్ట తనిఖీ చేసేది. నూలు కండెలు చుట్టే పనిలో పడ్డాక కూడా ఆ అద్దం వదల్లేదు.

“నీకు పనికొస్తదని తెచ్చిన. నువ్వు ఆకులు జూస్తవు, నేను పోగులు జూస్త. రెండూ కండ్లు పొడుసుకునే పనే గద!” అంది.

నా దగ్గర మంచి భూతద్దమే ఉంది, అవసరం లేదని అనబోయి ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత మంచిదైందో, ఎంత చెడ్డదైందో ముందు ముందు చెబుతాను.

పెద్దపల్లి నుంచి రైలు

మర్నాడు పెద్దపల్లిలో రైలెక్కాం. వరి కోసిన పొలాలు మోళ్లతో పసుపుగా ఉన్నాయి. మంచిర్యాల దాటాక ఆ పసుపు పోయి పత్తి తెలుపు వచ్చింది. నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం రాదు, కిటికీకీ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

ఎదుటి సీట్లో ఒకాయన, నలభై ఏళ్లుంటాయి, మస్కట్ నుంచి సెలవుకొచ్చాడు. ఎక్కడికి, ఎందుకు అని అడిగాడు. నాచు చూడటానికి అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

“నేనాడ ఆరేండ్ల సంది గడ్డికి నీళ్లు వోస్తున్న మేడం. ఒక షేక్ బంగ్లా ముంగట గడ్డి. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి. ఒక్కరోజు తప్పితే సచ్చిపోతది. ఊర్ల మా పొలానికి గన్నిసార్లు నీళ్లు వెట్టలే నేను!” అన్నాడు. “గడ్డి కోసం మనిషిని దేశం దాటించినంక, నాచు కోసం మీరు ఆసిఫాబాద్ పోతే తప్పేముంది?”

బెల్లంపల్లిలో మిర్చి బజ్జీలు ఎక్కాయి. పొట్లం ఇరవై రూపాయలు. మా దిక్కు బజ్జీలో వాము, చింతపండు పెడతారు. ఇక్కడివి ఏమీ పెట్టకుండా ఉత్త మంట. వదిన కళ్ల నీళ్లు తుడుచుకుంటూ రెండో పొట్లం కొన్నది. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌లో దిగుతుంటే ఆ మస్కట్ ఆయన కిటికీలోంచి అరిచాడు, “మేడం, నాచుకు దండం వెట్టిన్నని చెప్పుండ్రి!”

అంగడి

ఆ రాత్రి ఆసిఫాబాద్‌లో లాడ్జిలో పడుకుని, పొద్దున్నే కెరమెరి ఘాటు ఎక్కే బస్సు పట్టుకున్నాం. డిసెంబరు చలి అంటే కరీంనగర్‌లో ఒక స్వెట్టరు. ఇక్కడ బస్సు కండక్టరు చెవులకు మఫ్లర్, దాని మీద టోపీ, దాని మీద మళ్లీ శాలువా. ఘాటు మలుపుల్లో కిటికీకి మొహం ఆనించి కొండవాలే చూస్తూ పోయాను. ఎన్ని ఊటలు దాక్కుని ఉంటాయి ఇక్కడ!

ఘాటు దాటాక, కరీంనగర్ తమలపాకులామె చెప్పిన ఊళ్లో దిగాం; దాని పేరు రాయను. మా నాచువాళ్ల అలవాటు అది. పేరు తెలిస్తే ఎవరో ఒకరు వచ్చి గోనెసంచి నింపుకుపోతారు.

ఆ రోజు అంగడి. ఇట్లాంటి అంగడి మా దిక్కు ఇప్పుడు లేదు. మావన్నీ తోపుడుబండ్లు, మైకులు. ఇక్కడ నేల మీద బట్ట పరిచి కందులు, ఎండు చేపలు, మట్టి కుండలు, దువ్వెనలు, పక్కపక్కనే. తెలుగులో బేరం మొదలై మరాఠీలోకి పోయి గోండిలో తెగుతోంది. మూడు భాషలూ ఒక్క మనిషే మాట్లాడుతున్నాడు. నేను తెలుగులో అడిగితే మాత్రం ధర ఐదు రూపాయలు ఎక్కువ చెప్పాడు.

తమలపాకుల వాళ్లు ముగ్గురున్నారు. ఇద్దరి గంపల్లో తడి గుడ్డలు. మూడో గంపలో నాచు! ఆ గంప వెనక కూర్చున్నామె పేరు సక్కుబాయి. నలభై దాటుతుంటాయి, నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. కరీంనగర్ చెల్లెలి పేరు చెప్పగానే మొహం విప్పారింది. నేను ఆగలేక గంపలో చెయ్యి పెట్టబోయాను.

“థాంబ్ థాంబ్!” అని నా చెయ్యి పట్టుకుంది. మరాఠీలో ఆగు ఆగు అని. “ఆకులు నలుగుతయ్ బాయీ. నాచే గావాలంటే ఇంటికి రా. గంప ఖాళీ కానీ.”

గంప ఖాళీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడైంది. అంతసేపూ నేను ఆమె పక్కనే కూర్చుని ఆకులమ్మాను. నా తొందర చూసి ఆమెకు నవ్వు. నాచు కోసం కరీంనగర్ నుంచి టికెట్ పెట్టుకుని వచ్చామంటే పక్క ఆకులామెను పిలిచి మరీ చెప్పి నవ్వింది.

జొన్నరొట్టె, పిట్ల

ట్రాలీ ఆటోలో ఆమె గూడేనికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఊటకు రేపు పోదాం, ఇప్పుడు చీకటి అన్నది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. వదిన నా భుజం నొక్కి కూర్చోబెట్టింది.

సక్కుబాయి అరచేతుల మధ్య జొన్నరొట్టె తడుతుంటే చూస్తూ కూర్చున్నాం. అన్నం లేనిదే ముద్ద దిగని కరీంనగర్ వాళ్లం మేము. శనగపిండి, పచ్చిమిర్చి, ఎల్లిపాయ వేసి ఉడికించిన పిట్ల ఆ రొట్టెలో పెట్టుకుని, ఆ చలిలో, నేను నాలుగు రొట్టెలు తిన్నాను. వదిన మిగిలిన సర్వపిండి ఇచ్చింది. సక్కుబాయి కొరికి, “గిది రొట్టెనా, అప్పనా?” అని అడిగింది. రెండూ కాదని చెప్పడానికి వదినకు చాలాసేపు పట్టింది. సక్కుబాయి భర్త పత్తి జిన్నింగ్ పనికి వెళ్లి నెలకోసారి వస్తాడట. పిల్ల హాస్టల్లో చదువుతోందట.

ఊట

నాలుగో రోజు పొద్దున చేను గట్టు మీంచి, రాళ్ల మీంచి నడిచి వెళ్లాం. కొండ కింద ఒక రాతి సందులోంచి నీరు ఊరుతోంది. పారడం లేదు, ఊరుతోంది. చుట్టూ చెట్లు, లోపల ఎండ పడని చోటు. అక్కడుంది.

అరిచాను. వదిన చెప్పు పోయింది. నేను చీర కుచ్చిళ్లు దోపుకుని ఆ బురదలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. పొద్దుటి వెలుతురులో మెత్తటి దిండ్లు దిండ్లుగా, లేతపచ్చ, అంచుల్లో కొంచెం పసుపు. చేత్తో ఒత్తితే నీరు పైకి వచ్చి, చెయ్యి తీస్తే మళ్లీ లోపలికి పోయింది. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నదాన్ని బతికున్నదిగా తాకడం అదే మొదటిసారి. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

వదిన కూడా వంగింది. “గిది మోకాళ్ల నొప్పులకు కడతరా?”

“లే వదినా.”

“మరి దేనికి?”

“దేనికీ కాదు. గిది ఈడ ఉన్నదని రాసుడుకు.”

వదిన నన్ను జాలిగా చూసింది. నేను కొలతలు తీశాను, ఫొటోలు తీశాను, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో రాసుకున్నాను. గుప్పెడు నాచు జాగ్రత్తగా తీసి, ఒక బండ మీద కూర్చుని, చేతిలో పట్టే చిన్న మైక్రోస్కోప్‌తో ఆకు చూశాను. వల, ఖాళీ గదులు, చుట్టల దారాలు. అదే. ఏ సందేహమూ లేదు. పొట్లం మడవడానికి కాగితం తీశాను. మనసులో అప్పటికే ఆ జాబితాలో లైను అచ్చైపోయింది.

ఒక పోగు

వదిన నా పక్కన కూర్చుని మడత అద్దం విప్పి నాచు గుత్తిని చూస్తోంది. కొమ్మల్ని పోగుల్లా లెక్కపెడుతోంది. నవ్వుకుంటూ ఉన్నాను.

“సుజాతా, గిదేంది?” అంది.

గుత్తి అడుగున, పాత గోధుమరంగు కొమ్మల మధ్య, చిటికెన వేలంత పొడవున్న ఆకుపచ్చ తీగ. వేరేమో అన్నాను.

“వేరు గుండ్రంగ ఉంటది. గిది పట్టె తీర్గ ఉన్నది. అంచులు జూడు, కోసినట్టున్నయ్. గిది ప్లాస్టిక్ పోగు. సంచి నేసే పోగు. గుడ్డ పోగుకూ సంచి పోగుకూ తేడా నాకు ఎర్కలేదా!”

అద్దం లాక్కుని చూశాను. వదిన చెప్పింది నిజం. అయితే ఏమిటి, ఎవరో సంచి పారేసి ఉంటారు అనుకున్నాను. కానీ పోగు పైన లేదు. నాచు ఎదుగుతూ పోగా, అడుగున అన్నిటికన్నా పాత కొమ్మల్లో చిక్కుకుని ఉంది. అంటే మొదట ఆ పోగు ఉంది, తర్వాత నాచు దాని మీదుగా పెరిగింది. నర్సరీలకు ఎక్కడెక్కడి నుంచో ఎండిన స్ఫాగ్నమ్ ప్లాస్టిక్ సంచుల్లో మూటలుగా వస్తుంది. పూలమొక్కల వేర్లకు చుడతారు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను.

పోగును గిల్లి బయటికి లాగాను. బొడ్డులో దోపుకున్నాను. ఆ పని చేసింది నేనే, దాచను. అది లేకపోతే పొట్లంలో శుభ్రమైన నాచు ఉంటుంది, సారు ఎన్నిసార్లు చూసినా స్ఫాగ్నమే, ఎవరూ కాదనలేరు. సక్కుబాయి కాస్త దూరంలో వదిన చెప్పు వెతుకుతోంది. ఆమెను నేను ఇంతవరకు ఎక్కడ పెరుగుతుందనే అడిగాను. ఎప్పటి నుంచి అని అడగలేదు.

వదిన అద్దం మడిచింది. నా వైపు చూడకుండా అంది: “నువ్వడుగుతవా, నన్నడుగమంటవా?”

నేనే అడిగాను. “సక్కుబాయీ, గీ నాచు నీ చిన్నప్పటి సంది ఉన్నదా ఈడ?”

“ఏడిది! నేనే వెట్టిన,” అంది, బురద చెప్పు పైకెత్తి చూపిస్తూ. “చంద్రపూర్ దిక్కు నర్సరీల పని చేసినం నేను, మా ఆయన. గులాబీ మొక్కల ఏర్లకు చుట్టేటిది గిది. ఎండిపోయి దూది తీర్గ వస్తుండె. ఒకపారి కుండీ మూల పడ్డ ముక్క పచ్చగయ్యింది. బతికున్నదే పాపం అని కొంగుల కట్టుకొచ్చి గీడ వెట్టిన. ఏమైంది? తప్పు జేసిన్నా?”

తప్పు లేదన్నాను.

దుబాయ్ బండ

ఆ గూడెంలో సిగ్నల్ దొరికేది ఒక్క చోటే. చేను మధ్యలో ఒక పెద్ద బండ. గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో మాట్లాడాలంటే అందరూ దాని మీదికే ఎక్కుతారు. దుబాయ్ బండ అంటారు. సారుకు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూ దాని మీదికి ఎక్కాను. కింద వదిన ఒక కాలికి చెప్పు, చేతిలో రెండో బురద చెప్పుతో నిలబడింది.

“సారు, నాచు దొరికింది. స్ఫాగ్నమే. కానీ నాటింది సారు. నర్సరీ నుంచి తెచ్చి నాటిండ్రు. ఆ లైను కొట్టేయండి.”

గాలి హోరు.

“కొట్టేస్తున్న,” అన్నారు. నా కళ్ల నిండా నీళ్లు. తర్వాత ఒక్కసారిగా ఆయన గొంతు మారింది. “సుజాతా, ఆగు. ఎన్నేండ్ల కింద నాటిండ్రు? ఆదిలాబాద్ ఎండలకు అది ఎట్ల బతికింది? మేల మాడిపోవాలె గద!”

నాకు తెలియదు. అడగనే లేదు. నా లైను గురించి దిగులు పడుతూ ఆ కొండంత ప్రశ్నను వదిలేశాను. ఈ వేడిలో, ఈ నేల మీద, అది అసలు బతకకూడదు!

“అడిగి రాయి. నాటింది అనే రాసి పొట్లం పంపు. జాబితాల రాదు, గని నా బీరువల ఉంటది,” అన్నారు.

బండ మీంచి దిగలేదు, దూకాను. ఊట దాకా పరుగెత్తాను. వదిన వెనక నుంచి తిట్టుకుంటూ కుంటుతూ వచ్చింది.

లేబుల్

సక్కుబాయి నన్ను ఊట పక్కన బండ మీద కూర్చోబెట్టి చెప్పింది. మొదటి ఏడు సగం చచ్చిపోయిందట. ఎండకు ఊట సన్నబడిందని చేను బోరు నీళ్లు తెచ్చి పోస్తే మిగతాది కూడా ఎర్రబడిందట. బోరు నీళ్లు దానికి పడవని ఆమెకు అప్పుడే తెలిసింది. నేను పుస్తకాల్లో చదివి కూడా ఇంట్లో చేసిన తప్పు అదే! గట్టి నీళ్లలోని సున్నం దానికి విషం. అప్పటి నుంచి ఊట నీళ్లే. ఎండాకాలం వస్తే నాలుగు కట్టెలు పాతి పైన గోనెసంచి కప్పి, రోజూ పొద్దున దాన్ని తడుపుతుంది. ఏడాదికో కొత్త సంచి. అంగడి నుంచి తెచ్చిన పాత నాచును పారేయదు, ఊటలో ఒక మూల తిరిగి పెడుతుంది. పది రోజుల్లో కోలుకుంటుందట.

“ఎన్నేండ్లయింది వెట్టి?”

“మా పిల్ల కడుపుల ఉన్నప్పుడు వెట్టిన. దానికి మొన్న వానకాలంల పదకొండు నిండినయ్.”

నేను గబగబా రాసుకుంటూ పోయాను. ఎక్కడి కొండల నాచో, మూటలో ఎండి, ప్లాస్టిక్ సంచిలో వచ్చి, మే నెల ఎండల్లో ఒక తమలపాకుల ఆమె చేతుల్లో బతుకుతోంది. ఈ సంగతి రాసే అదృష్టం ఎంతమందికి దొరుకుతుంది!

లేబుల్ తీశాను. సహజమా, నాటిందా అన్న చోట ‘నాటింది’ అని రాశాను. నాటినవారు: సక్కుబాయి. బొడ్డులోంచి ఆ ఆకుపచ్చ పోగు తీసి, చిన్న కాగితంలో చుట్టి పొట్లంలో పెట్టాను. వదిన చూసింది. రాసింది సక్కుబాయికి గట్టిగా చదివి వినిపించాను. ఊట నీటితో పెరిగింది, వేసవిలో గోనెసంచి నీడ, పదకొండు ఎండాకాలాలు బతికింది.

సక్కుబాయి వేళ్లు మడిచి, పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టింది.

“పన్నెండు,” అంది.

“పిల్లకు పదకొండే గద?”

“అది పుట్టింది వానకాలం. దానికన్న ముందటి ఎండాకాలం ఏడ వాయె? ఎనిమిది నెలల కడుపుతోని గీడికచ్చి సంచి తడిపిన నేను. పన్నెండు సంచులు కట్టిన. అదెందుకు రాయవు?”

నిజమే. పిల్ల వయసు రాసేసి ఆమె లెక్కను ఒక ఏడాది తగ్గించాను. సహజంగా నేను తొందరదాన్ని. పదకొండు కొట్టేసి పన్నెండు రాసి, మళ్లీ మొదటి నుంచి చదివాను. వదిన అద్దం పెట్టి అక్షరాలు చూసింది. సక్కుబాయి చివరి మాట దాకా విని తలూపింది.

“గిప్పుడు సరిగ్గున్నది,” అంది.

ఆ మాట సారు నోట వినాలని రెండేళ్లుగా కాచుకుని ఉన్నాను. సక్కుబాయి నోట విన్నాక, ఇక ఎవరి నోటా వినకపోయినా ఫరవాలేదనిపించింది.